రెండో గుండీ సంఘం

మా ఆయన ఊ సాన్ ల్విన్ ముప్పై నాలుగేళ్ళు బర్మాలో మా పతేన్ ఊరి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పాఠం వినే పిల్లలు లేక మొదటి ఏడాది నన్ను కూర్చోబెట్టి చెప్పారు. నేను చేతులెత్తేశాక ఒక ఫోను కొనుక్కుని, ఫేస్‌బుక్కులో ‘పాత పతేన్ ఫోటోలు’ అని ఒక గ్రూపు పెట్టారు. జనం తమ ఇళ్ళలోని పాత ఫోటోలు అందులో పెడితే, వాటి కింద మా ఆయన అర్థం చెప్పేవారు. ఎద్దుబండి కనిపిస్తే ఆ ఏడు ధాన్యం ఎలా పండిందో చెప్పేసేవారు. ఆరు నెలల్లో నాలుగు వేల మంది చేరారు.

మా ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒక్కటే, మా మామగారిది. మా ఆయనకు రెండేళ్ళప్పుడే ఆయన జ్వరంతో పోయారు. మా ఆయన వేరే ఊళ్ళో మేనమామ దగ్గర పెరిగారు. మీ నాన్న అటవీ శాఖలో ఆఫీసరని మా అత్తగారు చెప్పేది, అంతకుమించి ఏమడిగినా మంచి మనిషనేది. ఫోటోలో ఆయన నల్లకోటు వేసుకుని, బిగదీసుకుని, మోకాళ్ళ దాకా కనిపిస్తారు. వెనక మంచుకొండలు, సరస్సు, అందులో హంస. కాబట్టి మామగారు శిక్షణ కోసం హిమాలయాలకు వెళ్ళారని మా ఆయన తేల్చారు. హంసకి ఒంటికంటే మెడ పొడుగేమిటని నేనొకసారి అడిగితే, చలిదేశాల పక్షులు అలాగే ఉంటాయన్నారు.

ఆ ఏడు వానాకాలం అయిపోగానే, ఈ ఫోటోలన్నీ మఠం హాల్లో మూడు రోజులు అందరికీ చూపించడానికి పెద్ద భిక్షువుగారు ఒప్పుకున్నారు. ఊరివాళ్ళు తెచ్చిచ్చినవి మా ఇంట్లో నేల నిండా పరిచాం. తుడుస్తూ తుడుస్తూ నేనే ముందు గమనించాను. పద్నాలుగు మంది మగవాళ్ళు అదే నల్లకోటులో ఉన్నారు. మామగారితో సహా అందరి కోటుకీ పైనుంచి రెండో గుండీ లేదు.

“ఇదంతా ఒకటే కోటులా ఉందండీ,” అన్నాను.

ఆయన ఆ పూట చేపల కూర ముట్టలేదు. పొద్దున్న లేచేసరికి ముఖం వెలిగిపోతోంది. పద్నాలుగు మందికి ఒకే గుండీ ఊడదు కాబట్టి, అది కావాలని తీసిన గుండీ. తెల్లదొరల మీద కుట్ర చేసిన రహస్య సంఘం వాళ్ళ గుర్తు. కాలం 1938.

“అప్పటికి మామగారికి పదేళ్ళేగా?”

“ఆ రోజుల్లో పిల్లలు తొందరగా ఎదిగేవాళ్ళు,” అన్నారు.

పద్నాలుగు ఫోటోలూ ఒకే గోడకి ఎక్కాయి. పైన ఎర్రగుడ్డ మీద ‘రెండో గుండీ సంఘం’ అని రాయించారు. ఆ కుటుంబాల ఆనందం చెప్పలేను. హల్వా కొట్టు డా ఓన్ సేన్ తండ్రి అప్పటిదాకా బియ్యం మిల్లు మేనేజరు. తొలిరోజు మధ్యాహ్నానికి ఆవిడ మాటల్లో ఆయన ఒకసారి జైలుకి వెళ్ళొచ్చాడు, సాయంత్రానికి రెండోసారి వెళ్ళాడు. వార్డు పెద్ద అందరి పేర్లతో శిలాఫలకం వేయిస్తానని మాటిచ్చి, రాయి చెక్కేవాణ్ణి అప్పుడే పిలిపించాడు.

మూడోరోజు మధ్యాహ్నం యాంగాన్ బస్సు దిగి ఒక డెబ్బై ఏళ్ళావిడ నేరుగా హాలుకి వచ్చింది. పేరు డా తాన్ న్వే. ఫోన్లో గ్రూపు చూసి బయల్దేరానంది. ఒక్కో ఫోటో ముందూ నిలబడుతోంది, భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందనుకుని మా ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మీవాళ్ళు కూడా సంఘంలో ఉండేవారా అక్కా అని మెల్లగా అడిగారు.

“ఉండేవాడు తమ్ముడూ. ఆ కోటు మా నాన్నదే,” అంది ఆవిడ, నవ్వాపుకుంటూ.

వాళ్ళ నాన్నకి రేవు దగ్గర ఫోటో స్టూడియో ఉండేదట. ఫోటో దిగేవాళ్ళందరికీ ఒకటే కోటు, వదులైతే వెనకాల పిన్నులు పెట్టేవారట. రెండో గుండీని నాలుగేళ్ళ వయసులో ఈవిడే పీకి, తన గుడ్డ గుడ్లగూబ బొమ్మకి కన్ను కుట్టించుకుందట. వెనక తెర మీద మంచుకొండలు వేసింది గొడుగుల మీద పూలు వేసే ఆయన. మంచూ చూడలేదు, హంసనీ చూడలేదు.

మా ఆయన ఆవిణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. మామగారి ఫోటో చూపించి, ఈయన మీకు తెలుసా అన్నారు.

ఆవిడకి తెలుసు. రేవులో జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పడవాయన. వానలో తడిసి వచ్చాడట, కాళ్ళకి చెప్పుల్లేవు, అందుకే మోకాళ్ళ దాకా తీశారు. భార్యకి నెలలు నిండాయి, పుట్టేవాడికి తండ్రి ఆఫీసరులా కనపడాలని మా అత్తగారే పంపిందట.

“నవ్వకుండా నిలబడమంటే ఎంతకీ నిలబడడే. ఫోటో తీసే గాజు ప్లేట్లు రెండు పాడుచేశాడు. మా అమ్మ చచ్చేదాకా అది చెప్పుకుని నవ్వేది.”

“నవ్వేవాడా?”

“ఆ నవ్వు అవతలి ఒడ్డుకి వినపడేది తమ్ముడూ.”

మా ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచారు, తుడిచిందే తుడిచారు. తర్వాత కలం తీసి మామగారి ఫోటో కింద రాసిందంతా కొట్టేసి, ‘ఊ ఫో చే, పడవవాడు’ అని రాశారు. పక్క ఫోటో మీదకి చెయ్యి వెళ్ళేసరికి డా ఓన్ సేన్ అడ్డం వచ్చింది.

“మాస్టారూ, మీ నాన్నని మీరు పడవెక్కించుకోండి. మా నాన్నని మాత్రం జైల్లోంచి తియ్యకండి,” అంది.

దాంతో ఆయన ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ముగ్గురు మాత్రం నిజమే రాయమన్నారు. మిగతా పదిమందీ సంఘంలోనే ఉండిపోయారు. ఫలకం మీద అప్పటికి మామగారి పేరొక్కటే చెక్కారు, దాన్ని సిమెంటుతో పూడ్చారు. జరిగిందంతా మా ఆయన గ్రూపులో ఉన్నదున్నట్టు రాస్తే తొమ్మిది వందల మంది వెళ్ళిపోయారు.

అది రాసిన మూడోరోజు పొద్దున్నే నన్ను రేవుకి తీసుకెళ్ళారు. అక్కడ ఇంకా తెడ్డు వేసే పడవ ఒకటుంది. నది మధ్యకి వెళ్ళాక పడవ కుర్రాణ్ణి బతిమాలి తెడ్డు తీసుకున్నారు. నాలుగుసార్లు వేశారో లేదో, పడవ ముందుకు పోవడం మాని ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మా పక్కన బాతుల బుట్టతో కూర్చున్న ఆవిడ అది రెండుసార్లు తిరిగేదాకా ఓర్చుకుంది.

“తాతా, ఇవి సంతకి పోవాలి. ఆ తెడ్డు అబ్బాయికిచ్చి కూర్చో,” అంది.

ఆయన ఇవ్వలేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఇంకో రెండు చుట్లయ్యాక ఎలాగో పడవ ముక్కు తిన్నగా తిప్పారు. అవతలి రేవుకి చాలా దిగువన, బురదలో ఆనించారు. అందరం చెప్పులు చేత్తో పట్టుకుని దిగాం.