కలిపే అయస్కాంతం

పది నిమిషాలైంది. గాజు కుప్పెలోని పసుపు నీళ్లు పసుపుగానే ఉన్నాయి.

పరిశోధకురాలు గడియారం మళ్లీ చూసుకుంది. నిన్నటిదాకా ఏడు నిమిషాల్లో ఆ రంగు ఇట్టే పోయేది. ఆకుల కషాయంతో తను తయారుచేసిన వెండి నానో రేణువులే ఉత్ప్రేరకం. చిటికెడు వేస్తే ఫ్యాక్టరీ మురుగులోని ఆ పసుపు విషం మరో పదార్థంగా మారి నీళ్లు తేటపడేవి. మూడేళ్ల కష్టం. పరిశోధన పేపరు కూడా అచ్చయింది. ఇంకో గంటలో అద్దకం ఫ్యాక్టరీ ఇంజనీరు చూడ్డానికి వస్తున్నాడు.

తోడుగా వేసే రసాయన ఉప్పు పాతబడిందేమోనని కొత్త సీసా విప్పింది. అదే పసుపు. ఆకు మారిందా అంటే, వదిన పెరట్లో కోసి నీడన ఆరబెట్టి పంపిన ఆకే.

"బాబాయ్, ఇవాళ ఇక్కడేమైనా మార్చావా?" అని ల్యాబ్ అటెండర్ని అడిగింది.

"నేనేం మారుస్తానమ్మా! ఆ తిరిగే అయస్కాంతం నల్లబడి అసహ్యంగా ఉంటే తీసేసి కొత్తది పెట్టా. వచ్చేవాళ్ల ముందు మన పరువు పోదూ?"

మందు మాత్రంత ఉండే ఆ అయస్కాంతం కుప్పెలో గిరగిరా తిరిగి నీళ్లు కలుపుతుంది, అంతే. ఆమె చెత్తబుట్టలోంచి పాతది ఏరి కడిగింది. ఈసారి వెండి వేయలేదు. ఉప్పు, పసుపు నీళ్లు, ఆ అయస్కాంతం.

ఎనిమిదో నిమిషానికి నీళ్లు తేటపడ్డాయి.

తనకంటే ముందు దాన్ని వాడినవాళ్ల పల్లేడియం లోహం దాని గరుకు పైపొరలో అంటుకుని ఉండాలి. ఇన్నాళ్లూ రంగు తీసేసింది అదే, వెండి కాదు. వెండి లేకుండా తను ఒక్కసారే పరీక్షించింది, అదీ అయస్కాంతం బదులు గాజు కడ్డీతో కలిపి; అందుకే అప్పుడు రంగు పోలేదు.

గైడ్ మేడమ్ వచ్చింది. "ఆయన కింద కారు దిగాడు. అంతా సిద్ధమేనా?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేడమ్ తలుపు వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"ఈ పూటకి పాతదే వేసి చూపించు. మిగతాది తర్వాత చూద్దాం."

మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

"నావల్ల కాదు మేడమ్. మనల్ని నమ్మి వాళ్లు ట్యాంకులు కట్టేస్తారు. ఆ నీళ్లు అలాగే బయటికి పోతే?"

మేడమే వెళ్లి తలుపు తీసింది. "క్షమించాలండీ, మా లెక్క తప్పింది," అని ఇంజనీరుతో తనే చెప్పింది. ఆయన చెప్పిందంతా విని, ఫైలు మూసుకుని వెళ్లిపోయాడు.

పేపరు వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు మేడమే ఉత్తరం రాసింది. ఆ తర్వాత పదిరోజులు పరిశోధకురాలితో ముక్తసరిగానే మాట్లాడింది.

రెండు నెలలు గడిచాయి. కుప్పెలు కొత్తవి, అయస్కాంతాలు కొత్తవి. వెండి రేణువుల్ని కప్పేసిన ఆకు జిగురును నాలుగుసార్లు కడిగి, ఆమె మళ్లీ మొదలుపెట్టింది. యాభై రెండో నిమిషానికి పసుపు పోయి నీళ్లు తేటపడ్డాయి.

"వెండి లేకుండా చూశావా?" అంది వెనకనుంచి మేడమ్.

ఆమె వెండి వేయని పక్క కుప్పె చూపించింది. అది పసుపుగానే ఉంది.

మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే, ఇంకో రెండుసార్లు చెయ్యి. నేను టైము చూస్తా."