మూడో డొల్ల

విచారణాధికారి పగలబడి నవ్వాడు. ఒక మనిషి చావు మీద విచారణ చేస్తూ, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ నవ్వాడు. ఎదురుగా సాక్ష్యం చెప్పడానికి రంగులక్క నిలబడి ఉంది.

రంగుల కార్ఖానాలో పదిహేనేళ్లుగా గుడ్డలు ముంచి ముంచి ఆమె చేతులు మోచేతుల దాకా నీలం తిరిగాయి. పేరూ అదే స్థిరపడింది. చేతులు కాలిపోతున్నాయి, తొడుగులివ్వండి అని ఆడవాళ్లంతా గేటు ముందు కూర్చుంటే కాపలావాడు తుపాకీ పేల్చాడు. రంగులక్క పక్కనే ఆమె మరదలు, తమ్ముడి భార్య, కూర్చున్న చోటే ఒరిగిపోయింది. చెయ్యి జారి ఒక్కసారి పేలిందని, మిగతాది ప్రతిధ్వని అని యజమాని రాసిచ్చాడు. నోరా అది, మురుక్కాలవా!

"మూడుసార్లు పేలింది బాబూ. వాడి కాళ్ల దగ్గర మూడు తూటాలు నేనే ఏరాను."

"పేలిన తూటా పేల్చినవాడి కాళ్ల దగ్గరే పడుతుందా?" అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "సాక్షికి తూటా అంటే ఏంటో తెలీదు. రాసుకో. తీర్పు ఎల్లుండి."

గుమాస్తా కూడా నవ్వాడు. జీతం రాళ్ల కోసం ఎంతకైనా దిగజారతారు కొందరు.

ఆ సాయంత్రం యూనియన్ గదిలో ఇసకేస్తే రాలనంత జనం. ఒకప్పుడు పటాలంలో పనిచేసి ఇప్పుడు బట్టలు కుట్టుకునే దర్జీ తాతని పిలిపించారు.

"తుపాకీ చదువు మనకెందుకు తాతా? యుద్ధానికి పోతున్నామా?" అని కార్ఖానా మెకానిక్ ఒకడు విసుక్కున్నాడు.

"తుపాకీ పట్టుకోమనట్లేదురా. వాడి అబద్ధం పట్టుకోమంటున్నా." తాత జేబులోంచి మూతపెట్టిన కలం తీశాడు. "ఇదంతా కలిపి కాట్రిడ్జ్ అనుకోండి. మూత బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే గొట్టంలోంచి, అంటే బ్యారెల్‌లోంచి, ఎగిరేది అదొక్కటే. మిగిలిన ఇత్తడి డొల్లని కేసు అంటారు. మనకి అన్నీ తూటాలే. అందుకే వాళ్లకి నవ్వులాటైంది."

"మరి చెయ్యి జారితే పేలదా?" అందొక పిల్లల తల్లి.

"పేలకుండా సేఫ్టీ అని ఒక మీట ఉంటుందమ్మా. అది తియ్యాలి."

"డొల్ల దానంతటదే పడుతుందా?" రంగులక్క అడిగింది.

"వాడి రైఫిల్‌లో పడదు. బోల్టు ఉంటుంది, తలుపు గడియ లాంటిది. వెనక్కి లాగితే డొల్ల బయటికి ఊడుతుంది. ముందుకి తోస్తే మ్యాగజైన్‌లోంచి, అంటే కాట్రిడ్జ్‌లు నింపిన పెట్టెలోంచి, ఇంకో కాట్రిడ్జ్ ఎక్కుతుంది."

రంగులక్క నీలం వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మూడో డొల్ల కూడా కింద పడిందంటే..."

తాత తల దించుకున్నాడు. "నాలుగోది ఎక్కించాడు తల్లీ."

ముసలి కూలీ ఒకామె బయటికెళ్లి కక్కుకుంది.

తీర్పు రోజు నలభై మంది విచారణ గదిలోకి తోసుకొచ్చారు. రంగులక్క ఈసారి తడబడలేదు. "నేనేరింది బుల్లెట్లు కాదు బాబూ, కేసులు. మూడుసార్లు బోల్టు లాగాడు. మూడుసార్లు చెయ్యి జారుతుందా? నాలుగోది మాలో ఎవరికి ఎక్కించాడో అడిగి చెప్పండి."

అధికారి మూతి తుడుచుకుని, "ప్రమాదం" అని చదివి సంతకం పెట్టాడు. కాగితం ముందే టైపు చేసి ఉంది. థూ! ఆ సంతకం కంటే కుక్క కాలెత్తి పోసింది నయం.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాడే కాపలా, అదే రైఫిల్. ఆడవాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు. వాడు రైఫిల్ భుజం మీంచి దించాడు.

"సేఫ్టీ తీశాడు, చూడండి!" అని పిల్లల తల్లి అరిచింది.

"బోల్టు లాగాడు!" నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. కాలేజీ పిల్లలు సైకిళ్లు దిగారు.

"వేలు ట్రిగ్గర్ మీదికి పోతోంది!" ఈసారి రోడ్డు కూడా గొంతు కలిపింది.

ఇంతమంది కళ్ల ముందు చెయ్యి జారిందని చెప్పడం ఎలాగో వాడికి తోచలేదు. వేలు వెనక్కి తీసుకున్నాడు. గొట్టం నేల వైపు వాలింది.

"దించాడు," అంది రంగులక్క, మరదలు ఒరిగిన చోట బాసింపట్టు వేసుకుంటూ. "అది కూడా చూడండి."