దులుపుకునే చోటు

ఎన్నికలు ఇంకా ఐదు రోజులున్నాయనగా టీవా మొగుడు ఆంబో పోయాడు. తన తమ్ముడు నొనోయ్ ఆ కబురు మోసుకొచ్చినప్పుడు నిడా నోటినుంచి ముందు వచ్చిన మాట "అయ్యో" కాదు. "ఎప్పుడు?" అంది. అంటూనే లోపల లెక్క వేసుకుంది. నిన్న సాయంత్రం తను టీవా కొట్లో కాఫీ తాగి లేచేసరికి ఆంబో బాగానే ఉన్నాడు. తన పాడు బుద్ధికి తనకే అసహ్యం వేసింది.

నిడాకి యాభై ఎనిమిదేళ్లు. ఏటి అవతల తాబుక్ పేటలో పుట్టింది, అక్కడే ముప్ఫై ఏళ్లు మంత్రసాని పని చేసింది. పేటలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. ఆ పేట కొళాయిల్లో తెల్లవారుజామున రెండు గంటలే నీళ్లొస్తాయి. పురిటింటికి వెళ్లిన ప్రతిసారీ బకెట్ పట్టుకుని నీళ్లకోసం పరుగులు పెట్టీ పెట్టీ విసిగిపోయి, ఈ ఏడు నగర కౌన్సిల్‌కి పోటీ చేస్తోంది. సీట్లు పది, బరిలో ఇరవైముగ్గురు. మిగతా వాళ్లకి లారీలమీద పాటలున్నాయి, రంగు చొక్కాలున్నాయి, టోపీలున్నాయి. నిడాకి ఉన్నవి రెండు కాళ్లు. "పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, పోయేదీ ఇక్కడే" అని పోస్టరు మీద వేయించింది. చివరి ముక్క వద్దని నొనోయ్ మొత్తుకున్నా వినలేదు.

మా ఊళ్లో ఓటు కావాలంటే చావు జరిగిన ఇళ్లకు వెళ్లాలి. శవాన్ని పెట్టెలో పెట్టి ఇంట్లో తొమ్మిది రోజులు ఉంచుతాం. పేకాట, కాఫీ, బిస్కట్లు అన్నీ ఆ పెట్టె చుట్టూతానే. అభ్యర్థి అనేవాడు వచ్చాడా లేదా అని పేక ముక్కల మీదనుంచి అందరూ చూస్తుంటారు. నిడా కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగింది. నలభై రోజుల్లో ముప్ఫై ఒక్క చావిళ్లు.

అయితే చావింటినుంచి తిన్నగా సొంతింటికి వెళ్లకూడదు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి, పోయినవాణ్ణి అక్కడ దులుపుకుని మరీ వెళ్లాలి. లేకపోతే వాడు వెంట ఇంటికొస్తాడు. నిడా ఇంట్లో కూతురు జెనెలిన్ నిండు గర్భిణి. అందుకని నిడా ఈ విషయంలో ఒక్కసారి కూడా ఏమరలేదు. వంతెన మొదట్లో ఉన్న టీవా కాఫీకొట్లో ఆగి, బల్లమీద కూర్చుని, కాళ్లు చాపి, ఒక కప్పు తాగి కబుర్లు చెప్పుకుని వెళ్లేది. మిగతా వాళ్లయితే ఒకనాడు సంతలో, ఒకనాడు పెట్రోలు బంకులో ఆగుతారు. నిడా ముప్ఫై ఒక్కసార్లూ టీవా దగ్గరే ఆగింది. చిన్నప్పటి స్నేహం, బల్ల వంతెన గాలికి ఎదురుగా ఉంటుంది, కాళ్లు లాగుతున్నాయి. అంతకుమించి ఆలోచించలేదు.

ఇప్పుడు ఊరు ఆలోచించింది. చేపల సంతలో ఆడవాళ్లు మర్నాడు పొద్దుటికే అందుకున్నారు.

"ముప్ఫై ఒక్క దయ్యాల్ని తెచ్చి పాపం ఆ టీవా బల్లమీద కూర్చోబెట్టిందిట!"

"పోయేదీ ఇక్కడే అని ముందే చెప్పిందిగా. ఎవరు పోతారో చెప్పలేదంతే!"

నొనోయ్ ఈ మాటలన్నీ మోసుకొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అక్కా, నువ్వెళ్తే చేసిందంతా చేసి చూడ్డానికొచ్చింది అంటారు. వెళ్లకపోతే మొహం చెల్లక దాక్కుంది అంటారు."

"మరేం చెయ్యమంటావురా?"

"నాకేం తెలుసు? వంతెన కింది నాలుగొందల ఓట్లు టీవా ఎటంటే అటు పడతాయి. అవి పోతే మనం పదకొండో స్థానం. అదొక్కటే నాకు తెలుసు."

నిడా మొదటిరోజు వెళ్లలేదు. రెండోరోజు జడ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మళ్లీ విప్పేసింది. ముద్ద నోట్లోకి పోలేదు. వీధిలో ఎవరు నవ్వినా తన గురించే అనిపించేది. ఎవరూ నవ్వకపోతే అది మరీ భయమేసేది. స్నేహితురాలి మొగుడు పోయాడన్న ఏడుపు రావాల్సిన చోట నాలుగొందలు, నాలుగొందలు అని ఒకటే దడ. ఆ దడని దుఃఖం అనుకుందామని ఎంత ప్రయత్నించినా నిడాకి కుదరలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం మూడింటికి బయల్దేరింది. కరపత్రాల సంచీ అలవాటుకొద్దీ భుజాన వేసుకుని, వంతెన దగ్గర గుర్తొచ్చి, సిగ్గుపడి, వెంట వచ్చిన నొనోయ్ చేతికిచ్చి పంపేసింది. ఏం మాట్లాడాలో దారిపొడుగునా వల్లె వేసుకుంది. కొట్లో అడుగుపెట్టేసరికి అంతా మరిచిపోయింది.

బల్లలన్నీ ఒక పక్కకి లాగేసి, ఆంబోని అద్దం మూత పెట్టెలో పడుకోబెట్టారు. పేకాడుతున్న చేతులు ఆగిపోయాయి. టీవా పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. తల తిప్పకుండానే అడిగింది.

"నాలుగు రోజులు పట్టిందా నీకు?"

"భయమేసిందే."

"దేనికి? నాకు భయపడ్డావా, ఓట్లు పోతాయనా?"

అబద్ధం చెబుదామనే అనుకుంది నిడా. నలభై రోజులుగా ఎందరికో ఎన్నో చెప్పింది. ఇక్కడ కుదరలేదు.

"రెండూను. ముందు ఓట్లకే."

టీవా మొదటిసారి ఆవిడకేసి చూసింది.

"ఆంబోకి పదేళ్లనుంచి గుండెజబ్బు. పంది కొవ్వు మానవయ్యా మానవయ్యా అని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మానాడా? నీ దయ్యాలు చంపలేదులే వాణ్ణి."

పేకాటలో ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గులోకి మార్చుకున్నారు. నిడా పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది.

"అయితే నువ్వు వాళ్ల మాటలు నమ్మట్లేదన్నమాట."

"నా సంగతి వదిలెయ్. నువ్వు నమ్ముతావుగా?" టీవా గొంతు పెంచలేదు. "నమ్మబట్టేగా ఇంటికి పోకుండా నా దగ్గర ఆగావు? నీ కూతురికి తగలకూడదనుకున్నావు. తల్లివి, అనుకోవాలి. మరి నాకు తగిలితే? మా ఆయనకి తగిలితే? ముప్ఫై ఒక్కసార్లొచ్చావు నిడా. అందులో ఒక్కసారైనా తోచిందా నీకు?"

నిడా వెతుక్కుంది. ఆ ముప్ఫై ఒక్క సాయంత్రాల్లో కాఫీ బాగుందో లేదో గుర్తుంది, ఏ వీధిలో ఎన్ని ఓట్లు ఖాయమో గుర్తుంది. ఈ మాట ఎక్కడా లేదు.

"లేదే," అంది.

టీవా విసనకర్ర కిందపెట్టి లేచి, పేకాట బల్లకేసి తిరిగింది.

"ఏమర్రా, అందరూ వినండి. ఓటు నిడాకే వెయ్యండి. ఈ పేటకి నీళ్లు తెచ్చే మొండిది ఇదొక్కతే. దయ్యాలూ గియ్యాలూ అని ఎవరైనా నోరు పారేసుకుంటే మళ్లీ నా గడప తొక్కనివ్వను."

"అలాగేలే వదినా," అన్నారు ఇద్దరు ముగ్గురు. ముక్కలు మళ్లీ పంచారు.

టీవా కుర్చీలో కూర్చుని విసనకర్ర అందుకుంది. నిడాకి మాత్రమే వినబడేలా అంది:

"నువ్వూ తొక్కకు."

చావింటివాళ్లు వచ్చినవాళ్లని సాగనంపరు. అందుకని నిడా ఒక్కతే లేచి, ఒక్కతే బయటికొచ్చింది. నాలుగొందల ఓట్లు చేతికి దక్కాయి. నాలుగు రోజులుగా వేటికోసం అన్నం మానేసిందో అవే ఇవి. దడ మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఎక్కడ ఆగాలి? మంగలి షాపు గుమ్మంలో ఇస్కో నిలబడి ఉన్నాడు. వాడి ముగ్గురు పిల్లలకీ పురుడు పోసింది నిడాయే.

"మా ఇంట్లో అయిదు ఓట్లూ నీకే అక్కా!" అన్నాడు చేతులూపుతూ.

నిడా గుమ్మంవైపు ఒక అడుగు వేసింది. వాడు నవ్వుతూనే తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"కోడలికి అయిదో నెల అక్కా. ఏమీ అనుకోకు."

"అనుకోనురా," అంది నిడా. నిజంగానే ఏమీ అనుకోలేకపోయింది.

మందుల షాపువాడూ ఓటు తనకే అన్నాడు, గుమ్మంలోంచి కదల్లేదు. చిల్లరకొట్టు ఆవిడా అంతే. అందరికీ సంతోషమని చెప్పుకుంటూ నిడా జీపుల అడ్డా దాకా నడిచి, అక్కడి సిమెంటు బల్ల చివర కూర్చుంది. జెనెలిన్ ఫోన్ చేసి ఎప్పుడొస్తావంటే, ఆలస్యమవుతుందమ్మా, నువ్వు తినెయ్యి అంది.

కొండవైపు జీపు కోసం ఒకావిడ కూరగాయల బుట్టతో వచ్చి పక్కన కూర్చుంది. నిడాని తేరిపార చూసి మొహం విప్పార్చుకుంది.

"మీరు పోస్టర్లో ఆవిడ కదూ? నీళ్లావిడ! మా వీధిలో అందరూ మీ గురించే. ఉండండి, మా ఆడపడుచుక్కూడా ఫోన్ చేసి చెప్తాను."

ఆవిడ ఇంకా దగ్గరికి జరిగింది. ఆవిడ మోచెయ్యి నిడా మోచేతికి తగిలింది.

"వద్దు తల్లీ, ఆగు," అంది నిడా. "చావింటినుంచి వస్తున్నాను. ఇంకా ఎక్కడా దులుపుకోలేదు. నువ్వు కాస్త దూరంగా కూర్చో."

ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. బుట్ట ఎత్తుకుని బల్ల అటు చివరికి వెళ్లి కూర్చుంది. జీపు వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు. నిడా ఆవిణ్ణి ఓటు అడగలేదు.