రామప్ప కాఫీ డబ్బా

తెల్లవారి అయిదున్నరకు అనంతపురం బస్సు వచ్చేలోగా మేరాజ్ బీ అంగడి రేకు తలుపు పైకెత్తుతుంది. ముందర నీళ్లు చల్లి, పాలు పొయ్యి మీద పెట్టి, ఆ తర్వాతే ఫ్రిజ్ తెరుస్తుంది. శింగనమల బస్టాండు దగ్గర ఆమె అంగడి పెట్టి పద్దెనిమిదేండ్లయింది. ఫ్రిజ్ ఏదో కూల్‌డ్రింకుల కంపెనీ వాళ్లు ఇచ్చి మరిచిపోయినది. పై అరల్లో ఆమె సర్దిన పెరుగు ప్యాకెట్లు, సోడాలు ఉంటాయి. కింది రెండు అరల్లో జపాన్ సరుకు ఉంటుంది. దాన్ని ఎవరూ సర్దరు. పొద్దున్నే ఉంటుంది, అంతే.

ఆ పొట్లాల మీది రాతను బడిపంతులు ఐజాక్ ఒకసారి ఫోన్లో చదివించి చూశాడు. ఆ దేశంలో రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న అంగళ్లలో అమ్మే తినుబండారాలని చెప్పాడు. "సరేలే సార్, పాచిపోకుంటే చాలు" అన్నారు జనం.

ఎవరిది వారికే వస్తుంది. ఐజాక్‌కు అంచులు కోసేసిన మెత్తటి రొట్టె ముక్కల మధ్య గుడ్డు ముద్ద. మేరాజ్ బీకి గిన్నెలో వణికే పాల జున్నులాంటిది, అడుగున కాల్చిన చక్కెర పాకంతో. గ్రామ రెవెన్యూ అధికారి ఓబులేసుకు వేయించిన బార్లీ కాచిన చేదు నీళ్ల సీసా. సుంకమ్మకు మూడు మూలల అన్నం ముద్ద, దాని చుట్టూ నల్లటి సముద్రపు ఆకు. మధ్యలో ఉప్పులో ఊరిన ఎర్రటి పండు ఒకటి ఉంటుంది. అది పంటికి తగలగానే సుంకమ్మ ప్రతిరోజూ కొత్తగా ఉలిక్కిపడుతుంది.

తీసుకున్న చోట ఏదో ఒకటి పెట్టాలి. ఇరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. అందుకని బొరుగులో, నిప్పట్లో, ఇంత ఉగ్గానో పెట్టి తలుపు వేస్తారు. మరునాటికి అది ఉండదు.

ఇంకో రెండు సంగతులు కూడా ఊరందరికీ తెలుసు. మనిషి పోతే ఆ మనిషిది రావడం ఆగిపోతుంది. గొర్రెల కాపరి తిమ్మప్ప గుట్ట మీద కన్నుమూసిన పొద్దున అతని తీపి బన్ను రాలేదు. మేరాజ్ బీ అది చూసి, వాళ్ల ఇంట్లో వాళ్లకంటే ముందే ఏడ్చింది. రెండోది, వరసగా మూడు రోజులు సొంత మనుషులెవరూ తీసుకోకపోతే, ప్రాణంతో ఉన్నా సరే, మళ్లీ రాదు.

సుంకమ్మ తమ్ముడు రామప్ప బోరు లారీలో పనికి పోయి ఏడేండ్లయింది. రాయచూరు దాకా పోయినట్టు తెలుసు. అక్కడ లారీ దిగి ఎటు పోయాడో లారీ వాళ్లకే తెలియదు. అయితే పాలు కలిపిన అతని కాఫీ డబ్బా మాత్రం రోజూ వస్తూనే ఉంది. సుంకమ్మ దాన్ని తీసుకుని, ఆ చోట దోసెడు ఉడకబెట్టిన శనక్కాయలు పెడుతుంది.

ఈ మధ్య ఆమె మతిలోంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మొదట చెంబు పెట్టిన చోటు, తర్వాత వారాల పేర్లు. కొంగుకు ముడి వేసుకునేది. ఆ ముడి ఎందుకు వేసిందో సాయంత్రానికి తెలిసేది కాదు. తమ్ముడి ముఖం తలుచుకుంటే చెవికి ఉన్న పోగు కనిపించేది, ముఖం కనిపించేది కాదు. 'నేను మరిచిపోతే వాని డబ్బా ఎవరు తీస్తారు? అది ఆగిపోతే వాడుండాడో లేడో ఎవరికి తెలుస్తాది?' అని ఒక్కతే గొణుక్కునేది.

ఆ మాటే ఒకసారి రామప్ప కొడుకు వీరేష్‌తో అంది. తల్లి పురిట్లోనే పోతే అతన్ని పెంచింది సుంకమ్మే. ఆటో నడుపుతాడు. ఫ్రిజ్ దగ్గరికి రావడం మానేసి ఆరేండ్లయింది.

"డబ్బా వస్తాది సరే అత్తా. మనిషి రాడే!" అన్నాడు వీరేష్. "బతికుండి రానోడూ, చచ్చినోడూ నాకు ఒకటే."

"ఆ నోట్లో మన్ను పడ! నాయనను పట్టుకుని ఏం మాటలురా అవి?"

"మరి సేను ఎవురి పేరు మీద ఉండాది? చుట్టూ అందరూ సోలారోళ్లకు ఇచ్చేసినారు. మనది నడుమ ఎండతాంది. పోయినాడని నువ్వు ఒక్క మాట చెప్తే ఓబులేసు సారు రాసుకుంటాడు. సేను నాకొస్తాది కాబట్టి నా మాట చెల్లదంట, తోబుట్టువు నువ్వే చెప్పల్లంట."

సుంకమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. ఒక ముడి వేసుకుంది.

మార్గశిరంలో చలి గట్టిగా పట్టిన ఒక పొద్దున ఓబులేసు తన సీసా కోసం వచ్చి, బెంచీ మీద కూర్చుని కాగితం తీశాడు. రెండు రోజులుగా తన ఇంట్లో ఉంచుకున్న అత్తను వీరేష్ ఆటోలో తీసుకొచ్చాడు. పొయ్యి మీద పెట్టిన శనక్కాయలను ఆమె చేతులు వాటంతటవే మూట కట్టుకుని తెచ్చాయి.

ఆమెను చూడగానే మేరాజ్ బీ ఎదురొచ్చింది. "సుంకమ్మక్కా, మొన్నా రాలేదు, నిన్నా రాలేదు! ఈ పొద్దు మూడో రోజు. మావాణ్ని రెండుసార్లు పంపితే నీ ఇంటికి తాళం ఉండాది. నేను తీద్దామంటే నేను సొంత మనిషిని కాదాయె."

"ఏం తీయల్లప్పా?" అంది సుంకమ్మ.

మేరాజ్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఓబులేసు పెన్ను మూత తీశాడు. "అమ్మా, నేను అడిగేది ఒకటే. మీ తమ్ముడు రామప్ప ఉండాడా, పోయినాడా?"

సుంకమ్మ అతని వంక చూసింది. ఆ పేరు ఆమె లోపలికి పోయి ఎక్కడా ఆనలేదు. ఎండిన బోరులో వేసిన రాయిలా పోతూనే ఉంది.

"రామప్ప ఎవురు సార్?"

వీరేష్ ముఖం తిప్పుకున్నాడు. ఇన్నాళ్లూ అతను కోరుకున్నది ఇదే. ఆమె కాదనదు, ఇక అడ్డం లేదు. కానీ నాయనను తలుచుకునే మనిషి లోకంలో ఈమె ఒక్కతే. ఇప్పుడు ఆమె కూడా లేదు.

"పోయినాడనే రాసుకోండి సార్" అన్నాడు నేల చూస్తూ.

"ఆమె చెప్పల్ల వీరేశా, నువ్వు కాదు."

సుంకమ్మ లేచింది. ఎందుకు లేచిందో ఆమెకు తెలియదు. మోకాళ్లు పట్టుకుంటూ ఫ్రిజ్ దగ్గరికి పోయి, తలుపు తెరిచి, కింది అరలోంచి చిన్న గోధుమరంగు డబ్బా తీసింది. తీసీ తీయగానే చెయ్యి మార్చుకుంది. తర్వాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. చలికాలంలో ఆ దేశపు అంగళ్లలో కాఫీ డబ్బాలను వేడిగా పెట్టి అమ్ముతారట. పెరుగు గడ్డకట్టే ఆ ఫ్రిజ్‌లో అది పొగలు కక్కేంత వేడిగా ఉంది.

"కాలతాంది సార్" అందామె. "ఎవురిదో నాకు తెలీదు. ఎవురిదైనా గానీ, ఆ మనిషి ఉండాడు."

ఓబులేసు డబ్బాను ముట్టుకుని చూశాడు. కాగితం మోకాలి మీద పెట్టి, 'రామప్ప జీవించి ఉన్నట్లు అక్క సుంకమ్మ వాంగ్మూలం' అని రాసి, తేదీ వేసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

"సారు, సోలారోళ్లు..." అన్నాడు వీరేష్.

"బతికున్నోని సేను కదప్పా. ఆయప్ప వచ్చి చెప్పల్ల" అని ఓబులేసు బార్లీ నీళ్ల సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బస్సు వచ్చింది, పోయింది. దుమ్ము అణిగింది. డబ్బా తీసిన చోటు ఖాళీగా ఉంది. సుంకమ్మ బెంచీ మీద కూర్చుని మూటను మరిచిపోయింది. వీరేష్ ఆ మూట విప్పి, ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలాడు.

"ఉప్పు లేదు" అన్నాడు మేరాజ్ బీతో, మెల్లగా, అత్తకు వినపడకుండా.

ఆమె ఉప్పు డబ్బా అందించింది. వీరేష్ కాయలను ఒక్కొక్కటే వేలితో చీల్చి, చిటికెడు చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ మూశాడు. దోసెడు అయ్యేదాకా అదే పని చేశాడు. తర్వాత వాటిని కింది అరలో పెట్టి, ఒకటి జారి పడితే దాన్ని కూడా తీసి పెట్టి, తలుపు వేశాడు.

"ఎవురికప్పా అవి?" అంది సుంకమ్మ.

"మా నాయనకు."

"బాగుండాడా?"

"ఉండాడంట అత్తా" అన్నాడు వీరేష్. "రేపట్నుంచి పొద్దన్నే నేను వస్తాలే. నువ్వు ఆ కాఫీ తాగు, చల్లారతాంది."