‘గో’ అంటే కదలని ఎనిమిది మంది

జరీనా మేడం నెల రోజులుగా ఒకే ఒక్క ఇంగ్లిషు క్రియతో కుస్తీ పడుతోంది. అదేమన్నా కొరకరాని మాటా అంటే కాదు. ఒకటో తరగతి పిల్లలకు కూడా వచ్చే ‘గో’.

తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె వచ్చి, మందుల షాపు పైగదిలో ఇంగ్లిషు చెప్పే ఆవిడకు దొరక్క దొరక్క ఒక మంచి పని దొరికింది. పెనుమూడి దగ్గర కృష్ణలో షికారు పడవలు తిప్పుతామని బాపట్లలో కొత్తగా ఒక కంపెనీ వెలిసింది. పడవలు నడపబోయే ఎనిమిది మందికి నాలుగు ఇంగ్లిషు ముక్కలు నేర్పాలి. వాళ్లు పరీక్ష గట్టెక్కితే ఏడాది పొడుగునా బ్యాచ్‌లు ఆవిడవే. తప్పారా, గదికి తాళం వేసుకుని తమ్ముడు అమ్జద్ గాజుల కొట్లో కూర్చోవాలి. అమ్జద్ అప్పుడే స్టూలు కూడా కొనేశాడు.

ఎనిమిది మందీ చిన్నప్పటి నుంచి సముద్రం మీద వేటాడినవాళ్లు. కమ్, స్టాప్, సిట్ గడగడా చెప్పేవాళ్లు. ‘గో’ దగ్గరకు వచ్చేసరికి నోళ్లు మూతబడేవి. ఇల్లు కదిలేటప్పుడు ‘వెళ్లొస్తా’ అంటారే గానీ ‘వెళ్తా’ అని వాళ్లిళ్లల్లో తాతల నాటి నుంచి ఎవరూ అనలేదు. సాగనంపేవాళ్లూ ‘వెళ్లిరా’ అనాల్సిందే. వేటకు బయల్దేరినవాడు పొరపాటున అలా అంటే ఆ పూట పడవే దించరు. అందుకని వాళ్లలో పెద్దవాడు పున్నారావు ‘ఐ గో అండ్ కమ్’ అనేవాడు. బోర్డు మీద ‘అండ్ కమ్’ను జరీనా చెరిపేసేది. మర్నాటికి మళ్లీ ఉండేది. పోనీ, ‘బోట్ గోస్ టు పెనుమూడి’ అనమంటే ‘బోట్ గోస్ అండ్ కమ్స్’ అన్నాడు. వెళ్లిన పడవ తిరిగి రాదంటే టిక్కెట్టు ఎవరు కొంటారండి అని ఎదురడిగాడు. ఆవిడకు ఒళ్లు మండింది.

పరీక్ష పెట్టడానికి కంపెనీ మేనేజరు మోహనకృష్ణ బాపట్ల నుంచి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. ముందుగా శివనాగరాజును లోపలికి పిలిచి, నాలుగు ప్రశ్నలు వేసి, బాగానే చెప్పాడని సంతోషించి, “యూ మే గో” అన్నాడు. శివనాగరాజు లేచి గోడ వారన నిలబడ్డాడు. వినపడలేదేమోనని ఆయన గట్టిగా “గో” అన్నాడు. అతను గోడకు ఇంకాస్త అంటుకుపోయాడు. రెండోవాడూ అంతే, మూడోవాడూ అంతే. మధ్యాహ్నానికి ఆ ఇరుకు గదిలో ఎనిమిది మంది, ఓ మూల జరీనా, వాళ్ల మధ్య మోచెయ్యి కదపలేక మేనేజరు. పెన్ను కింద పడితే వంగి తీసుకోవడానికి కూడా చోటు లేదు.

నెల రోజులూ ఏం వెలగబెట్టారని ఆయన జరీనాను నిలదీశాడు. సంతకం పెట్టని మార్కుల కాయితం బల్ల మీదే వదిలేసి, “ఐ యామ్ గోయింగ్” అంటూ గుమ్మం వైపు తిరిగాడు.

ఎనిమిది మందీ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. కోపంతో కాదు, భయంతో.

“అంతమాట అని వెళ్లకండి సార్,” అన్నాడు పున్నారావు. “మా నాన్న వేటకు బయల్దేరుతూ ఒక్కసారే నోరుజారి పోతున్నా అన్నాడండి. ఆ మాట తను వినలేదనే చెబుద్ది మా అమ్మ, ఇప్పటికీ.”

మేనేజరు కాస్త మెత్తబడ్డాడు. కానీ బస్సు టైమవుతోంది. చివరికి జరీనాతో ఒక ఒప్పందానికి వచ్చాడు.

“మీరే ఒక్కసారి ‘గో’ అనండి మేడం. మీ మాటకి వీళ్లు బయటికి వెళ్తే సంతకం పెట్టేస్తాను.”

ఒక్క మాట. నెల రోజులుగా వెయ్యిసార్లు అన్న మాటే. జరీనా నోరు తెరిచింది. ఎదురుగా ఎనిమిది మొహాలు ఆవిడనే చూస్తున్నాయి. పున్నారావు తల దించుకున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్జద్ కొన్న స్టూలు గుర్తుకొచ్చింది. 

అయినా, “గో అండ్ కమ్,” అంది.

ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు దడదడా మెట్లు దిగిపోయారు. గది ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది.

“అది తప్పు కదండీ,” అన్నాడు మేనేజరు.

“తప్పేనండి. కానీ వెళ్లారు కదండీ.”

ఆయన తల గోక్కుని, పెన్ను తీసి సంతకం మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగానే మెట్ల మీద మళ్లీ అడుగుల చప్పుడైంది. కమ్ అని కూడా అంది కదా, వచ్చేస్తున్నారు.

జరీనా సంతకం వంక చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది మందీ వచ్చారు.