జోవ్నా పళ్ళ సెట్టు

జోవ్నాకు డెబ్భై రెండో ఏట కొత్త పళ్ళు వచ్చాయి. పట్నంలో పళ్ళ డాక్టరమ్మ కొలతలు తీసుకుని, నిగనిగలాడే సెట్టు చేసి పెట్టింది. అంతా బాగానే ఉంది కానీ ముందు పళ్ళ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలిపోయింది. దాంతో ఆయన 'స' అన్నా, 'ష' అన్నా చెవులు గింగురుమనేలా ఈల వచ్చేది.

ఇంకో ఊళ్ళో అయితే నవ్వుకుని వదిలేసేవారు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, దెయాత్ను అనే ఏటి ఒడ్డున ఉన్న ఆ పన్నెండు గడపల ఊళ్ళో చలికాలం ఈల వెయ్యడమంటే చేజేతులా ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఈల విన్నాయంటే, చీకటి ఆకాశంలో ఆకుపచ్చగా ఆడే ఉత్తరపు వెలుగులు కిందికి దిగి మనిషిని ఎత్తుకుపోతాయి. యాభై ఏళ్ళు రెయిన్‌డీర్ జింకల మందలు కాసిన జోవ్నా, కుక్కని కూడా ఏనాడూ ఈలతో పిలవలేదు. అంతటి జాగ్రత్తపరుడికి ముసలితనంలో నోట్లోనే ఈల మొలిచింది.

పళ్ళు పెట్టించుకుని బస్సు దిగిన రోజు కుక్క ఎదురొచ్చింది. దాని పేరు సిస్సు. ఆయన ముద్దుగా "సిస్సూ!" అన్నాడు. మధ్యాహ్నం మూడింటి చీకట్లో, కొండమీద తమ మానాన తాము ఆడుకుంటున్న వెలుగులు ఒక్కసారిగా పొగగొట్టాల ఎత్తుకి దిగాయి. ఊరంతా తలుపులు బిడాయించుకుంది.

మర్నాడు కొట్లో పంచాయితీ జరిగింది. జోవ్నా అక్క గారెన్ తీర్పు చెప్పింది.

"ఒరే, ఆ పళ్ళన్నా తీసెయ్, నోరన్నా మూసెయ్."

"పళ్ళు లేకపోతే మాంసం ఎలా తిననే అక్కా?" అన్నాడు జోవ్నా. కొట్టు అద్దాలు పచ్చబడ్డాయి.

"చంపావు పో!" అంది గారెన్, కౌంటరు కింద దూరుతూ.

చివరికి 'స'లూ 'ష'లూ లేని మాటలు మాత్రం మాట్లాడవచ్చునని రాజీ కుదిరింది. అప్పట్నించీ జోవ్నా 'సరే' అనాల్సిన చోట 'అట్లాగే' అన్నాడు. కుక్కకి 'ముద్దోడు' అని పేరు మార్చాడు. అది పలకడం మానేసింది. వెలుగుల పేరు ఎత్తడానికే లేదు. వాళ్ళ భాషలో వాటిని గువ్సహస్ అంటారు, వినిపించే వెలుగు అని. వినిపించేది వింటుంది కూడానని ఊరి నమ్మకం.

ఇంతలో ఆయన భార్య రవ్దనా గడప ముందు మంచుగడ్డ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎండాకాలం దాకా మంచం దిగడానికి లేదన్నారు. ఎండాకాలం వస్తే రాత్రే ఉండదు, వెలుగులూ ఉండవు. పక్కనున్న కిటికీలోంచి చూస్తే పొరుగింటి గడ్డి కొట్టం గోడ. మంచం మరో గదిలోకి తిప్పుదామంటే గుమ్మంలో పట్టదు.

"ఏమయ్యా, వాటిని ఇంటికి పిలువు," అంది ఒకరోజు.

"వేటిని?"

"తెలిసీ అడుగుతావేం? నేను బయటికి పోలేను, అవి లోపలికి రాగలవు. వచ్చే చలికాలానికి ఉంటానో లేదో."

"నిన్ను ఎత్తుకుపోతేనో?"

"నన్నెత్తడం ఇద్దరు నర్సులకే చేతకాలేదు. వాటివల్ల ఏమవుతుంది?"

జోవ్నా నవ్వలేదు. "నాకు భయమే. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనూ ఆ కుక్కా. అదేమో పిలిచినా పలకదు."

"నాకూ భయమే," అంది రవ్దనా. "ఈ గోడ చూస్తూ చూస్తూ పోతానేమోనని."

దాంతో జోవ్నా లేచి వీధి తలుపు బార్లా తీశాడు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న 'స'లన్నీ ఒక్కపెట్టున వదిలాడు. "సిస్సు! సూపు! సబ్బు! సరే! సరే! సరే!"

వెలుగులు ఇంటి కప్పు దాకా వచ్చి ఆగాయి. ఎదురింట్లోంచి గారెన్ శాపనార్థాలు మొదలుపెట్టింది.

"అవేం మాటలయ్యా, కొట్టుకి పంపే చీటీలాగా?" అని లోపల్నించి అరిచింది రవ్దనా. "నాతో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాట ఉంది చూడు, అందులోనూ ఉంది నీ ఈల."

జోవ్నా ముఖం కందగడ్డయింది. గడప పట్టుకుని, వీధికి వీపు తిప్పి, లోపలికి చూస్తూ అన్నాడు.

"రవ్దనా, నువ్వంటే నాకు ఇష్టం."

ఆ 'ష' ఎంతసేపటికీ ఆగలేదు. వెలుగులు గుమ్మం దగ్గర వంగి, కాళ్ళకంటిన మంచు గోనెపట్టా మీద దులుపుకుని వరసగా లోపలికొచ్చాయి. చోటు చాలనివి వసారాలో నిలబడ్డాయి. పొయ్యీ, వెన్న గిన్నె, దుప్పటీ అన్నీ పచ్చబడ్డాయి. చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన గారెన్, "తలుపెయ్యరా, వేడంతా పోతోంది!" అని కేకేసి, ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకపోతే బాగుండదని కప్పులు లెక్కపెట్టబోయి తికమకపడింది.

రవ్దనా ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఎంత దగ్గరగా ఉన్నాయో! చిటపటలు వింటున్నావా?"

అంతలో ఒక వెలుగు ఆమె మీదికి వంగింది. జోవ్నా గడప దగ్గర్నించి ఒక్క గెంతున వచ్చాడు. మంచానికి అడ్డంగా నిలబడి, "ఈల నాది! పట్టుకుపోతే నన్ను పట్టుకుపోండి!" అన్నాడు.

వెలుగు ఆయన్ని ఎగాదిగా చూసింది. నోట్లో చల్లగా ఏదో కదిలినట్టయింది. తర్వాత వెలుగులన్నీ వచ్చిన దారినే, వచ్చినంత మర్యాదగా వెళ్ళిపోయాయి. రవ్దనా మంచం మీదే ఉంది. జోవ్నా ఇంట్లోనే ఉన్నాడు. పళ్ళ సెట్టు లేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం మూడయితే కొండమీద ఆకాశంలో ఈల వినిపించేది. కుక్క చెవులు నిక్కబొడుచుకుని అటు పరిగెత్తేది. గారెన్ గొణుక్కుంటూనే తమ్ముడికి మాంసం మెత్తగా దంచి పంపేది.

"అప్పుడన్న మాట ఇంకోసారి అనవూ," అంది రవ్దనా ఒక సాయంత్రం.

జోవ్నా బోసినోరు తడుపుకున్నాడు. "నువ్వంటే నాకు ఇట్టం."

పైన వెలుగులు కదల్లేదు. ఈసారి ఆ మాట విన్నది రవ్దనా ఒక్కతే.