రెండో క్లారినెట్

ఆయన మౌస్‌ను బల్ల అంచుదాకా జరిపి, మళ్లీ ఎత్తి మొదటికి పెట్టుకుని, తెరమీది స్వరాల గీతల్లో మూడోదాని మీద ఇంకో నల్లచుక్క దించబోయాడు. అది రెండో గీత మీద పడింది. చెరిపి, ఊపిరి బిగబట్టి మళ్లీ దించాడు. ఈసారి కుదురుకుంది.

పక్క గదిలో చెంచా గ్లాసుకు తగిలింది. గొంతు నీరసించినప్పటి నుంచి భార్య పిలుపు అదే. ఒకసారి మోగితే మంచినీళ్లు, రెండుసార్లు మోగితే ఒత్తిగిలించాలి, ఆగకుండా మోగుతుంటే ఏమీ తోచడం లేదని. ఇప్పుడు రెండుసార్లు మోగింది. వెళ్లి ఒత్తిగిలించి, వీపు కింద దుప్పటి ముడతలు సాపుచేసి వచ్చి కూర్చున్నాడు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ కర్మాగారం బ్యాండులో ఆయన రెండో క్లారినెట్. పిలుపు కూడా అదే, "రెండో క్లారినెట్ వచ్చాడా?" అని. పాట మొదటి క్లారినెట్‌ది. ఈయనది పాట కింద పరిచే పరుపు. ఆయన రాని రోజు ఏదో తక్కువైనట్టు అందరికీ అనిపించేది గానీ, ఏం తక్కువైందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఇంట్లో సాధన చేసేదీ ఆ భాగమే. ఒకే స్వరం, దాని పక్క స్వరం, మళ్లీ మొదటిది. ఆ తరవాత కాగితం మీద నిలువు గీతల మధ్య పదహారు ఖాళీ గదులు. బాకాలు మోగే ఆ కాసేపూ ఈయన కాలితో తాళం వేస్తూ ఊరుకోవాలి. వంటింట్లోంచి ఆవిడ గరిటెతో గిన్నె అంచు మీద తాళం అందుకునేది. ఇంటి సంగతులన్నీ ఆ పదహారు గదుల్లోనే తేలిపోయేవి. పిల్లకు బూట్లు బిగుతయ్యాయని ఆవిడ అంటే, రేపు కొందామని ఈయన అని, సమయానికి క్లారినెట్ నోట్లో పెట్టుకునేవాడు.

పని చేసుకుంటూ ఆవిడ తీసే కూనిరాగం కూడా ఆ రెండో భాగమే. పాటంటే అదేననుకుంటోందని ఆయనకు అర్థమైంది. దిద్దలేదు. ఒక్క మనిషి చెవిలోనైనా తను మొదటివాడు. ఆ సుఖం పక్కనే, ఏనాటికైనా తెలిసిపోతుందన్న బెరుకు కూడా కాపురం చేసింది.

పోయిన వారం ఆవిడ ఆ బ్యాండు పాట ఒక్కసారి వినాలంది. పళ్లు ఊడాక ఆయనకు క్లారినెట్ పట్టు తప్పింది. వాద్యమూ, కాగితాలూ రిటైరైన రోజే బ్యాండు బీరువాలోకి వెళ్లిపోయాయి. కూతురు తన ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టి, ఇంటర్నెట్‌లో వెతకడం చూపించింది. ఉచితమని ఊరించి, మొదటి పేజీ చూపించి, మిగతావి మసకబార్చే సైట్లు చాలా తగిలాయి. చివరికి పాత పాటల నొటేషన్ కాగితాలు దాచిపెట్టే ఒక చోట పాట దొరికింది.

"రాసినాయన పోయి చాలా కాలమైంది నాన్నా. ఇక అది అందరిదీ. దర్జాగా దింపుకో."

"పోతేగానీ అందరిదీ కాదన్నమాట," అన్నాడాయన.

అక్కడ మొదటి క్లారినెట్ ఉంది, బాకాలున్నాయి, డోలుకు కూడా ఒక పేజీ ఉంది. రెండో క్లారినెట్ కాగితం ఎవరూ ఎక్కించలేదు. ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఉన్న భాగాలన్నీ కూతురు నొటేషన్ రాసే ఉచిత ప్రోగ్రాములోకి ఎక్కించి ఇచ్చింది. నిన్న వాటిని మోగించే ముందు ఆయన అరచేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

"బాగానే ఉంది," అంది. "మీరేరీ ఇందులో?"

ఆయన ల్యాప్‌టాప్ మూత సగం దించాడు.

"ఆదివారాలు పార్కులో మీ బ్యాండు మోగితే డాబా మీదికి వినపడేది. ఆ గోలలో మిమ్మల్ని వెతుక్కోలేక చచ్చేదాన్ని."

ఇన్నేళ్లూ తను దాచిందేమిటో, ఎవరి దగ్గర దాచాడో ఆయనకు అంతు చిక్కలేదు. కాసేపు చిన్నతనంగా అనిపించింది. తరవాత బాగా ఆకలేసింది.

అందుకే ఇవాళ పొద్దుటి నుంచీ ఈ చుక్కలు. భాగం మనసుకు గుర్తులేదు, వేళ్లకు గుర్తుంది. బల్ల అంచు మీద వేళ్లు, అక్కడ లేని క్లారినెట్ రంధ్రాలను మూస్తే, ఏ స్వరమో చూసుకుని తెరమీద పెట్టాలి. మధ్యాహ్నానికి పూర్తయింది. వినిపిస్తే ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది మీ గొంతు కాదండీ. పైకెక్కింది."

కూతురికి ఫోన్ చేశాడు. వాద్యం దగ్గర పియానో అని ఉండుంటుంది, అందుకే ఒక మెట్టు పైన పలుకుతోంది, క్లారినెట్ అని మార్చమంది.

"రెండోది అని పెట్టాలా?"

"ఒకటో రెండో అక్కడెవరూ అడగరు నాన్నా."

సాయంత్రం ఎండ మంచం కోళ్ల దాకా వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ కుర్చీలో పెట్టాడు. మిగతా భాగాలన్నిటినీ ఆపేసి తనదొక్కటే ఉంచాడు. ఒకే స్వరం, దాని పక్క స్వరం, మళ్లీ మొదటిది. ఈసారి గొంతు సరిగ్గా దిగింది. ఆవిడ చెంచా పట్టుకుని గ్లాసు అంచు మీద మెల్లగా తాళం వేసింది. ఖాళీ గదులు వచ్చాయి. తెరమీద నీలం గీత ఒక్కటే వాటి మీదుగా జరుగుతోంది.

"దుప్పటి మార్చమంటావా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

జవాబు కోసం కాలితో తాళం వేస్తూ ఆగాడు. చెంచా మోగలేదు. పదహారో గది దాటగానే క్లారినెట్ తన వేళకు తను అందుకుంది. ఆయన దాన్ని ఆపలేదు. చివరి చుక్క దాకా వాయించనిచ్చి, అప్పుడు వంగి ఆవిడ మొహంలోకి చూసి, ముక్కు దగ్గర వేలు పెట్టాడు. దుప్పటి భుజాల దాకా లాగి, కూతురికి ఫోన్ చేయడానికి ముందుగదిలోకి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి ఎండ గోడ మీదికి పాకింది. స్టూలు మీద గ్లాసులో సగం నీళ్లున్నాయి. అందులో చెంచా, కాడ ఆవిడ చెయ్యి వైపుకే తిరిగి, అంచుకు ఆని ఉంది.